ముద్ర నాదే, రాత నాది కాదు

తెల్లకాగితం మీద పైవాళ్ల ముద్ర ముందుగా వేయించుకుని, తర్వాత తీరిగ్గా దాని మీద మనకు కావలసింది రాసుకోవడం ఈ కాలపు ఆఫీసుల్లో పుట్టిన విద్య కాదు. 1481 ఏప్రిల్‌లో కొండపల్లి దగ్గర విడిసిన బహమనీ సుల్తాను దండులో ఆ విద్య ఒక ప్రధానమంత్రి తల తీసింది. ఆయన పేరు మహమూద్ గవాన్. ఉత్తరం రాయడంలో అప్పటి దక్కనులో ఆయన్ను మించినవాడు లేడు. ఉత్తరం ఎలా రాయాలో నేర్పుతూ ‘మనాజిర్ ఉల్ ఇన్షా’ అని పారసీలో ఒక లక్షణ గ్రంథం రాశాడు. రాజులకూ పండితులకూ ఆయన రాసిన లేఖలు ‘రియాజ్ ఉల్ ఇన్షా’ పేరుతో ఇప్పటికీ ఉన్నాయి. అంతటివాడు తాను రాయని ఉత్తరానికి బలైపోయాడు.

మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కింది ఒక పేరా. బీదర్‌లో మదరసా కట్టించాడు, సంస్కరణలు తెచ్చాడు, కుట్రకు బలయ్యాడు. పరీక్ష రాయడానికి అది చాలు. కొలువులో చేరి, ఎవరి కాళ్లూ పట్టకుండా, ఎవరి కాళ్లూ లాగకుండా పైకి రావాలనుకునేవాళ్లకు మాత్రం చాలదు. ఎందుకంటే ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఆయన సరిగ్గా ఆ పనే చేశాడు. చేసి చూపించాడు కూడా. తర్వాత ఏమైందన్నదే ఈ కథ.

గవాన్ పుట్టింది కాస్పియన్ సముద్రపు ఒడ్డున ఉన్న గిలాన్‌లో, 1411లో. ఆయన కుటుంబానికి అక్కడి దర్బారులో పలుకుబడి ఉండేది. పలుకుబడి ఉన్నచోట గోతులు తవ్వేవాళ్లూ ఉంటారు. ఆ గొడవలు పడలేక దేశం వదిలాడు, వ్యాపారం పట్టాడు, ఊళ్లు తిరిగాడు. నలభై దాటాక, 1453 ప్రాంతంలో, కొంకణంలోని దాభోల్ రేవులో సరుకుతో దిగాడు. బీదర్‌లో ఉన్న సూఫీ గురువులను దర్శించుకుని అటు నుంచి ఢిల్లీ వెళ్లాలన్నది ఆలోచన. సుల్తాన్ రెండో అహ్మద్ ఆయన్ను చూసి వదల్లేదు. వెయ్యిమంది సైనికుల హోదా ఇచ్చి కొలువులో పెట్టుకున్నాడు. దర్బారు రాజకీయాలు వద్దని ఇల్లు వదిలినవాడు అంతకు పదింతలున్న దర్బారులో వచ్చి పడ్డాడు.

బీదర్‌లో అప్పటికే రెండు వర్గాలు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు, మతం మారిన స్థానికులు, వాళ్లతో కలిసిన హబ్షీలు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, ఒక పక్క. వీళ్లను దక్కనీలనేవారు. ఇరాన్ నుంచీ తురుష్క, అరబ్బు దేశాల నుంచీ ఓడలెక్కి వచ్చిన పరదేశీలు మరో పక్క. వాళ్లు ఆఫాకీలు. భాష, మతశాఖ, రంగు అన్నీ పైకి చెప్పుకునే కారణాలు. లోపలి కారణం ఒక్కటే: పోస్టులు. గవాన్ రాకకు కొన్నేళ్ల ముందే చాకన్ దగ్గర పరదేశీలను నమ్మించి పిలిచి ఊచకోత కోశారు. ఈ రోజుల్లో ఒక వర్గం మరో వర్గాన్ని మారుమూలకు ట్రాన్స్‌ఫర్ చేయించి సరిపెట్టుకుంటుంది. ఆ రోజుల్లో బదిలీ నేరుగా పైలోకానికే.

అలాంటి చోట ఆయన ఎలా ఎదిగాడో చూడండి. మొదటి పనిగా తెలంగాణలో జలాల్ ఖాన్ తిరుగుబాటు అణచమన్నారు. అణచాడు. క్రూరుడని పేరుపడ్డ హుమాయూన్ షా కాలంలో కూడా నెగ్గుకొచ్చాడు. హుమాయూన్ పోయాక ఎనిమిదేళ్ల పిల్లవాడు నిజాం షా సుల్తాను అయితే రాజ్యం నడిపింది ముగ్గురు: రాజమాత నర్గీస్ బేగం, ఖ్వాజా జహాన్ తుర్క్, మహమూద్ గవాన్. మాళ్వా సుల్తాను దండెత్తి బీదర్ పట్టణం దాకా వచ్చి కూర్చుంటే, గుజరాత్ సుల్తాను సాయం తెచ్చి రాజ్యాన్ని నిలబెట్టిన వాళ్లలో గవాన్ ముఖ్యుడు. రెండేళ్లకు నిజాం షా కూడా పోయి, అతని తమ్ముడు మూడో మహమ్మద్ తొమ్మిది పదేళ్ల వయసులో గద్దెనెక్కాడు. ఖ్వాజా జహాన్ తుర్క్ ఖజానాలో చేతులు పెట్టాడు, గవాన్‌ను రాజధానిలో ఉండనివ్వకుండా ఎప్పుడూ సరిహద్దుల్లోనే తిప్పాడు. 1466లో రాజమాత ఆలోచన మీద తుర్క్‌ను నిండు దర్బారులో నరికేశారు. ఆ ఖాళీలోకి గవాన్ వచ్చాడు. ఆ కుర్చీ మీది నెత్తురు ఆయన కార్చింది కాదు గానీ, అది నెత్తుటి కుర్చీ అని ఆయనకు తెలుసు. పదిహేనేళ్లు అందులో కూర్చున్నాడు.

ఆయన్ను మహాత్ముణ్ని చేయాలని నాకు లేదు. యుద్ధాలు చేశాడు, కోటలు పట్టాడు, 1472లో గోవాను విజయనగరం చేతుల్లోంచి లాక్కున్నాడు. ఆ కాలంలో బీదర్ వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ ఇక్కడి పల్లెల్లో జనం దరిద్రంలో ఉంటే ప్రభువులు భోగాల్లో తేలుతున్నారని రాసిపెట్టాడు. ఆ ప్రభువుల్లో మొదటివాడు గవానే. అయితే గోవా గెలిచి వచ్చాక జరిగిన ఒక సంగతి చరిత్రకారుడు ఫెరిష్తా రాసిన పుస్తకంలో ఉంది. అది చదివాక మనిషి వేరేగా కనిపిస్తాడు.

సుల్తాను స్వయంగా గవాన్ ఇంటికి వచ్చి వారం రోజులు విడిది చేశాడు. తన ఒంటి మీది వస్త్రాలు తొడిగించాడు. రాజమాత ఆయన్ను అన్నా అని పిలిచింది. అంతకు మించి ప్రమోషన్ ఇంకేముంటుంది? సుల్తాను గుమ్మం దాటగానే గవాన్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ ఖరీదైన బట్టలు విప్పేసి నేల మీద పడి ఏడ్చాడు. తర్వాత ముతక బట్ట కట్టుకుని బయటికొచ్చి, ఊళ్లోని పండితులనూ ఫకీర్లనూ పిలిపించి, ఇంట్లో ఉన్న డబ్బూ నగలూ వర్తకంలో సంపాదించిందీ పంచేశాడు. ఇంత గర్వం తలకెక్కితే తట్టుకోలేనని భయమేసిందట. ఏనుగులు, గుర్రాలు, పుస్తకాలు మాత్రం ఉంచుకున్నాడు. అవెందుకు ఉంచావని ఒక పండితుడు అడిగితే, పుస్తకాలు విద్యార్థులవి, ఏనుగులూ గుర్రాలూ సుల్తానువి, నావి కానివి నేనెలా పంచను అన్నాడు.

ఫెరిష్తా నూరేళ్లకు పైగా గడిచాక రాసినవాడు, పైగా తానూ పరదేశీయే. గవాన్ మీద అతనికి మొగ్గు ఉండదని అనుకోనక్కర్లేదు. ఎంత తీసివేసుకున్నా ఒకటి మిగులుతుంది. తన సొత్తుకూ కొలువు సొత్తుకూ మధ్య గవాన్ గీత గీసుకున్నాడు. తిండికి మట్టిపాత్రలు, పడకకు చాప. దొడ్డిలో ఏనుగులు కట్టేసి ఉన్నా తనవి అనుకోలేదు. ఆఫీసు కారులో పిల్లల్ని బడికి పంపడం తప్పా కాదా అని మనం ఇంకా వాదించుకుంటున్నాం.

అదే రోజుల్లో బీదర్‌లో ఆయన మదరసా పూర్తయింది. మూడంతస్తులు, రంగు పెంకుల గోడలు, విద్యార్థులకు గదులు, 3000 గ్రంథాల పుస్తకాలయం.

ఇక సంస్కరణలు. పతనానికి పునాది ఇక్కడే పడింది కాబట్టి కాస్త ఆగి చూడాలి. బహమనీ రాజ్యంలో తరఫ్‌లని నాలుగు పెద్ద రాష్ట్రాలుండేవి. ఒక్కో తరఫ్‌దారు తన రాష్ట్రంలో చిన్న సుల్తాను. కోటలన్నీ అతని చేతిలో, సైన్యం లెక్క అతని నోట్లో. గవాన్ నాలుగింటినీ ఎనిమిది చేశాడు. తెలుగు నేల అంతా ఒకే తరఫ్‌గా ఉండబోయేదాన్ని రాజమండ్రి, వరంగల్లు అని రెండుగా విడగొట్టాడు. తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే ఉంచి మిగతా కోటలకు సుల్తాను నేరుగా కిల్లేదార్లను వేసేలా చేశాడు. కొన్ని ఊళ్ల ఆదాయం నేరుగా ఖజానాకు చేరేలా మార్చాడు. పొలాలు కొలిపించాడు. 500 మంది సైనికులను పోషించేందుకు లక్ష హొన్నులిచ్చే చోట లక్షా పాతిక వేలు చేశాడు, దాంతోపాటు ఒక మెలిక పెట్టాడు: చెప్పిన లెక్కకు ఎంతమంది తక్కువైతే అంత డబ్బు తిరిగి కట్టాలి. లేని సైనికుల పేర జీతాలు తినడం అలవాటైన వాళ్లకు ఇది గొంతులో వెలక్కాయ. జీతం పెంచి కూడా తిట్లు తిన్న మంత్రి ఈయనే అయ్యుండాలి.

నియామకాల్లో తూకం తప్పకుండా చూసుకున్నాడు. ఎనిమిది తరఫ్‌లలో దక్కనీలకూ హబ్షీలకూ సగం, పరదేశీలకు సగం. గవిల్‌గఢ్‌కు ఫతుల్లా ఇమాద్ ఉల్ ముల్క్, మాహూర్‌కు హబ్షీ ఖుదావంద్ ఖాన్, దౌలతాబాద్‌కు తన ఆప్తుడు యూసుఫ్ ఆదిల్ ఖాన్, గుల్బర్గాకు హబ్షీ దస్తూర్ దీనార్, రాజమండ్రికి దక్కనీల పెద్ద మలిక్ హసన్. బీజాపూర్ మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడు. ఈ చివరిది నాకు నచ్చదు. రాజ్యంలోకెల్లా పెద్ద పదవిలో ఉన్నవాడు, అందరి కోటలూ కత్తిరించినవాడు, ఒక మంచి తరఫ్‌ను తన పేరనే ఉంచుకుంటే చూసేవాళ్ల నోళ్లు ఎవరు మూస్తారు? లెక్కలో తప్పు లేకపోవచ్చు. కానీ న్యాయం చేసేవాడి మీద అనుమానపు నీడ పడే చోటు అదొక్కటే మిగిలింది, దాన్ని ఆయన ఖాళీ చేయలేదు.

మలిక్ హసన్ కథ వేరు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, విజయనగరంతో జరిగిన యుద్ధంలో బందీగా చిక్కి, సుల్తాను బానిసగా పెరిగి, నిజాం ఉల్ ముల్క్ బిరుదు దాకా వచ్చినవాడు. అతనిదీ చిన్న ఎదుగుదల కాదు. మొత్తం తెలుగు నేల తన చేతికొస్తుందని ఆశపడ్డాడు, సగం చేతికొచ్చింది. దర్బారులో సుల్తాను పక్కన తానుండి, రాజమండ్రిలో తన బదులు కొడుకు అహ్మద్‌ను పెట్టాలనుకున్నాడు. కొడుకును తీసుకెళ్లి మాహూర్‌లో ఖుదావంద్ ఖాన్ కింద వేశారు. గవాన్ దృష్టిలో ఇది పాలన, తండ్రీకొడుకులు ఒకే చోట బలం పెంచుకోకూడదు. హసన్ దృష్టిలో అవమానం. తగ్గించిన మనిషిని పిలిచి కూర్చోబెట్టి, ఎందుకు తగ్గించానో గవాన్ ఎప్పుడైనా చెప్పాడా? ఉత్తరాల్లో ఎందరికో ఎన్నో వివరించిన మనిషి ఈ ఒక్కడికీ వివరించినట్టు ఏ చరిత్రా చెప్పదు. ఉత్తర్వు సరైనదైతే చాలనుకున్నాడేమో.

అప్పటికి ఇంకో దెబ్బ పడి ఉంది. బెల్గాం దండయాత్ర రోజుల్లోనే రాజమాత కన్నుమూసింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ సుల్తాను చెవిలో గవాన్ మీద ఎవడు ఏం ఊదినా, రెండో చెవిలో నిజం చెప్పే మనిషి ఉండేది. ఆవిడ పోయాక ఆ కుర్రాడికి మిగిలింది మందు, మందు పోసే స్నేహితులు. కొలువులో ఎదిగేవాళ్లు ఎదుగుతున్న రోజుల్లో పట్టించుకోని సంగతి ఇది. మనం లేని గదిలో మన గురించి మంచిమాట చెప్పే మనిషి ఒకరుంటారు. వాళ్లు రిటైరైన రోజున మన కుర్చీ కాలు ఒకటి విరుగుతుంది, చప్పుడు వినపడదు.

1481 వేసవి మొదట్లో సుల్తాను తూర్పు సీమలో ఉన్నాడు. కొండవీడు గొడవ అణచి, కంచి దాకా పోయి గుళ్లు దోచి, తిరిగి వచ్చాడు. దండు కొండపల్లి దగ్గర ఉంది. యూసుఫ్ ఆదిల్ ఖాన్ దండులో లేడు, వేరే పని మీద దూరంగా ఉన్నాడు. మలిక్ హసన్ వర్గానికి కావలసిందల్లా కుదిరింది.

గవాన్ ముద్ర దాచే ఉద్యోగి ఒక హబ్షీ. మలిక్ హసన్ మనుషులు జరీఫ్ ఉల్ ముల్క్, మిఫ్తా అనేవాళ్లు అతనితో స్నేహం కట్టారు. కానుకలిచ్చారు, విందులకు పిలిచారు. ఒకరోజు బాగా తాగించి, మడిచిన కాగితం ఒకటి ముందు పెట్టారు. మా స్నేహితుడి లెక్కల కాగితం, చాలామంది ముద్రలు పడ్డాయి, మీ అయ్యగారిది కూడా పడితే పనైపోతుంది అన్నారు. అతను మడత విప్పలేదు. ముద్ర కొట్టి ఇచ్చేశాడు. లోపల కాగితం తెల్లగా ఉంది.

దాని మీద ఒడిశా గజపతి పేరిట ఉత్తరం రాశారు. ఈ తాగుబోతు సుల్తానుతో విసిగిపోయాం, రాజమండ్రి సరిహద్దులో సరైన సేనాని లేడు, నువ్వు అటు నుంచి రా, మేం ఇటు నుంచి కలుస్తాం, రాజ్యం పంచుకుందాం అన్నది సారం. మలిక్ హసన్ పక్కన ఉండగా సమయం చూసి సుల్తానుకు అందించారు. సుల్తాను ముద్ర చూశాడు. ఈ ఉత్తరం ఎవరు తెచ్చారు, ఎక్కడ పట్టుబడింది, తెచ్చినవాడేడీ అని అడగలేదు. గవాన్‌ను పిలవమన్నాడు.

కబురు వెనకే హెచ్చరికలూ వచ్చాయి. ఇవాళ వెళ్లొద్దన్నారు స్నేహితులు. వెయ్యి గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి, గుజరాత్ వెళ్లిపోదామన్నారు. తండ్రి హుమాయూన్ కొలువులో నెరిసిన ఈ గడ్డం కొడుకు చేతిలో ఎర్రబడితే అదీ గౌరవమే అన్నాడట. పారిపోతే నేరం ఒప్పుకున్నట్టే కదా. పారిపోకపోతే ప్రాణం పోతుంది. డెబ్బై ఏళ్ల మనిషి, గిలాన్ నుంచి ఒకసారి ఇలాగే తప్పుకుని వచ్చినవాడు, రెండోసారి తప్పుకోలేదు.

సుల్తాను తాగి ఉన్నాడు. యజమానికి ద్రోహం చేసిన నౌకరుకు శిక్ష ఏమిటని అడిగాడు. కత్తే అన్నాడు గవాన్. అప్పుడు ఉత్తరం చూపించాడు. గవాన్ చూసి, ముద్ర నాదే, రాత నాది కాదన్నాడు. సుల్తాను ఇంకో ప్రశ్న అడగకుండా లేచాడు. అక్కడే ఉన్న జౌహర్ అనే హబ్షీ బానిసకు నరకమని చెప్పి అంతఃపురం వైపు నడిచాడు. ముసలివాణ్ని, నా చావు పెద్ద సంగతి కాదు, కానీ నీ పేరూ రాజ్యమూ దీంతో పోతాయని వెనక నుంచి గవాన్ చెప్పాడు. కాబా దిక్కుకు తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. 1481 ఏప్రిల్ 5.

ఆనాడే ఆయన మిత్రుడు అసద్ ఖాన్ గిలానీని కూడా చంపారు. డేరాలు దోచుకున్నారు. సుల్తాను ఆశ ఖజానా మీద ఉంది. ఇన్నేళ్లు మంత్రిగా ఉన్నవాడు, అంతకు ముందు వర్తకుడు, ఎంత దాచి ఉంటాడో అని ఖజానాదారును పిలిపించాడు. రెండు ఖజానాలున్నాయన్నాడు అతను. ఒకటి సుల్తాను పేరిట, దళాలకూ గుర్రాలకూ ఏనుగులకూ ఖర్చుపెట్టేది. రెండోది పేదల పేరిట. ఆ రెండోదాంట్లో సీలు వేసిన సంచిలో 300 లారీలు దొరికాయి. లారీలంటే పారసీక దేశపు వెండి నాణాలు. వర్తకంలో వచ్చిన లాభం బంధువులకూ పండితులకూ పంపేవాడనీ, తన తిండీ బట్టా అందులోంచే వెళ్లేవనీ ఖజానాదారు చెప్పాడు. ఆ తర్వాతే, ఆ ఉత్తరం తెచ్చినవాణ్ని ఒక్కసారి పిలిపించండి ప్రభూ అన్న మాట సుల్తాను చెవిన పడింది. అప్పటికి శవం చల్లబడింది.

శవాన్ని మర్యాదగా బీదర్ పంపించాడు. మర్యాద ఎవరికి కావాలి? యూసుఫ్ ఆదిల్, ఇమాద్ ఉల్ ముల్క్, ఖుదావంద్ ఖాన్ తమ దండులు వేరుగా దించుకున్నారు, సుల్తాను పిలిచినా దగ్గరికి రాలేదు. గవాన్‌కే ఈ గతి పట్టాక మా తలలకు పూచీ ఎవరని అడిగారు. వాళ్లలో ఇద్దరు గవాన్ సంస్కరణలు నచ్చని దక్కనీ, హబ్షీ పెద్దలే. ఆయన బతికుండగా ఆయన తూకం వాళ్లకు బరువైంది, ఆయన పోయాక ఆ తూకమే వాళ్ల రక్షణ అని తెలిసింది. సుల్తాను మరుసటి ఏడు, 1482 మార్చిలో, తాగి తాగి పోయాడు. గవాన్ నన్ను చీలుస్తున్నాడని చివరి గడియల్లో అరిచేవాడని ఫెరిష్తా రాశాడు.

మలిక్ హసన్ కోరుకున్న కుర్చీ ఎక్కాడు, మలిక్ నాయబ్ అయ్యాడు. అయిదేళ్లు తిరక్కుండానే బీదర్‌లోనే చంపేశారు. అతని కొడుకు అహ్మద్ 1490లో అహ్మద్‌నగర్ రాజ్యం పెట్టుకున్నాడు. అదే కాలంలో యూసుఫ్ ఆదిల్ బీజాపూర్‌లో, ఇమాద్ ఉల్ ముల్క్ బీరార్‌లో రాజులయ్యారు. తర్వాత గోల్కొండ విడిపోయింది, చివరికి బీదర్ బరీద్ వంశం పాలైంది. రాజ్యాన్ని కలిపి ఉంచడానికి ఆయన చేసిన ముక్కలు రాజ్యాలుగా విడిపోవడానికి పనికొచ్చాయి.

ఆయన తప్పు చేశాడా? చేశాడు. బీజాపూర్ వదులుకోవలసింది. మలిక్ హసన్‌తో ముఖాముఖి మాట్లాడవలసింది. ముద్రను మరో మనిషి సంచిలో ఉంచకూడదు. కానీ ఈ మూడూ చావాల్సిన తప్పులు కావు. పాపం అడగనివాడిది. పదేళ్ల వయసు నుంచి తనను కనిపెట్టుకుని ఉన్న మనిషి గురించి ఒక కాగితం చేతికొస్తే, తెచ్చినవాడెవడని ఒక్క ప్రశ్న అడగలేకపోయిన యజమానిది. గవాన్ నిజాయితీ ఓడిపోయిందని చెప్పుకునేవాళ్లున్నారు, ఆ మాట ఎక్కువగా మలిక్ హసన్‌ల నోటే వినపడుతుంది. నాకైతే అక్కడ ఓడింది విచారణ.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన హారూన్ ఖాన్ షేర్వానీ 1942లో గవాన్ మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. మదరసా 1696లో ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి సగం కూలింది, మిగిలిన సగం ఇప్పటికీ నీలం పెంకులతో నిలబడి ఉంది. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్ వెళ్లేవాళ్లు కోట చూసి, మదరసా చూసి, బహమనీ సుల్తానుల పెద్ద గుమ్మటాలు చూసి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఊరికి దక్షిణంగా ఉన్న గవాన్ సమాధి దాకా కూడా వెళ్లి రండి.